మన ఆరోగ్యం: వింత ఎలుకలు

పిల్లలు తోకలేని ఎలుక, బొచ్చులేని ఎలుక కావాలని మారాం చేస్తున్నారనీ, ఇంట్లోనే జంట కట్టించి పిల్లలు పెట్టిస్తామంటున్నారనీ కొందరు తల్లులు మాతో అన్నారు. వినాయకుడి వాహనమే కదా, కాదనలేం. అయితే ఒక మాట.

ఎలుకకు మనలా చెమట పట్టదు. ఒంటి వేడి దించుకోవడానికి తోకే పెద్ద ఆధారం. కరెంటు పోయి ఏ.సి. ఆగితే రూవి ఎండాకాలంలో తోకలేని ప్రాణి గతేమిటి?

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో 1996లో స్థూలకాయపు ఎలుకలు బయటపడ్డాయి. వాటికి సంతానం కలగదు, కంటిశుక్లాలు, కణుతులు వస్తాయి, ఆయుష్షూ తక్కువే. ఆ లోపాన్ని మోసే తోబుట్టువులను జతకట్టించి ఆ వంశం నిలుపుతున్నారు. అది మనుషుల జబ్బులు తెలుసుకోవడానికి. ముచ్చట కోసం మనమూ అదే పని చేయడం న్యాయమా?

మామూలు ఎలుకనే కొనివ్వండి. ఒకే ఈతలోని వాటిని కలపనివ్వకండి. మేనరికాల సంగతి వచ్చే నెల మాట్లాడుకుందాం.