పేరు చెక్కని పనివారు

1923 సెప్టెంబరు 1న జపానులో మహాభూకంపం సంభవించింది. టోక్యో నగరంలో హత్తోరి కింతారో అనే వర్తకుని గడియారాల కర్మాగారం అగ్నికి ఆహుతి అయింది. మరమ్మతు కోసం జనం అప్పగించిన సుమారు 1,500 గడియారాలు కూడా ఆ మంటలలో కాలిపోయాయి. సర్వస్వం పోగొట్టుకున్న మనిషిని అడిగేవారెవరు? అయినా హత్తోరి, పోయిన ప్రతి గడియారానికీ బదులుగా అదే తరహా కొత్త గడియారం ఇచ్చాడు. మరుసటి సంవత్సరం, 1924లో, అతని చేతి గడియారాల ముఖం మీద ‘సీకో’ అనే పేరు మొదటిసారిగా కనిపించింది.

1881లో ఒక చిన్న దుకాణంగా మొదలైన ఆ సంస్థ 1960లో ‘గ్రాండ్ సీకో’ అనే మేలురకం గడియారాన్ని వెలువరించింది. 1969 డిసెంబరు 25న ప్రపంచంలోనే మొదటి క్వార్ట్జ్ చేతి గడియారాన్ని అమ్మకానికి పెట్టింది. కాలాన్ని ఇంత ఖచ్చితంగా చూపగల యంత్రం వచ్చిన తరువాత చేతిపనికి విలువ ఉండదని చాలామంది భావించారు. కాని అదే సంస్థలో నేటికీ నిపుణులు సన్నని మరలను తమ చేతులతో కూర్చుతున్నారు. ఉక్కు అంచులకు తమ చేతులతో మెరుగు పెడుతున్నారు. కొనేవారు ఆ పేరును చూసి ఎంత వెల అయినా చెల్లిస్తున్నారు. వస్తువు విలువ దానిలోని లోహంలో లేదు; చేసినవారి మాట మీది నమ్మకంలో ఉన్నది.

ఇంతటి ఓర్పుతో, ఇంతటి నైపుణ్యంతో లోహానికి రూపం ఇచ్చే చేతులు మన దేశంలోనూ ఉన్నాయి. అయితే వారి పేరు వారు చేసిన వస్తువు మీద ఉండదు. వారిని చూడాలంటే బస్తరు పోవాలి.

బస్తరు తెలుగువారికి పరాయి సీమ కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరి దాటి, ఆ అడవులలో రాజ్యం స్థాపించినట్లు అక్కడి రాజవంశ గాథ చెబుతుంది. శంఖిని, డంకిని నదుల సంగమం వద్ద దంతేవాడలో వెలసిన దంతేశ్వరీ దేవి ఆ వంశానికి ఇలవేల్పు. రాయపూరు నుంచి జగదల్‌పూరు వెళ్ళే దారిలో కొండగావ్ అనే పట్టణం తగులుతుంది. 2012లో అది ప్రత్యేక జిల్లాకు కేంద్రమైంది. అక్కడా, పరిసర గ్రామాలలోనూ నివసించే ఘడ్వాలు తరతరాలుగా పోత పనివారు. ‘ఘడ్వా’ అంటే రూపం ఇచ్చేవాడు. వారి పనినే లోకం ‘ఢోక్రా’ అని పిలుస్తున్నది.

పద్ధతి అతి ప్రాచీనమైనది. మొహెంజొదారోలో 1926లో బయల్పడిన నర్తకి ప్రతిమ ఈ విధంగా పోత పోసినదే. జానెడు పొడవైనా లేని ఆ బొమ్మ వయస్సు సుమారు 4,500 సంవత్సరాలు. పన్నెండవ శతాబ్దంలో కళ్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు తన ‘మానసోల్లాసం’లో ఈ విద్యను వివరించాడు. శిల్పశాస్త్రాలు దీనిని మధూచ్చిష్ట విధానం అన్నాయి. మధూచ్చిష్టం అంటే తేనెటీగలు మిగిల్చిన మైనం.

ఘడ్వా మొదట మట్టిలో వరి ఊక కలిపి బొమ్మకు గర్భం తయారు చేస్తాడు. ఎండిన తరువాత పేడ కలిపిన మెత్తని మట్టి పూసి, చిక్కుడు ఆకుతో రుద్ది నునుపు చేస్తాడు. తేనెమైనాన్ని సన్నని రంధ్రాల గుండా నొక్కి దారాలుగా తీస్తాడు. ఆ దారాలను ఒకదాని ప్రక్కన ఒకటి పేర్చుతూ మట్టి బొమ్మకు చర్మం తొడుగుతాడు. కన్ను, ముక్కు, జడ, కడియం, ఏనుగు మీది అంబారీ – అన్నీ ఆ మైనపు దారాల అల్లికలే. గడియారం పనివాడు చిమ్మటతో మరను పట్టినంత జాగ్రత్తగా, ఇతడు దారాన్ని రెండు వ్రేళ్ళతో పట్టుకొంటాడు.

ఆ పైన మెత్తని మట్టి, దాని మీద పుట్టమన్ను పొరలుగా పూసి, లోహం ప్రవేశించడానికి ఒక దారి విడిచిపెడతాడు. కొలిమిలో కాల్చగా మైనం కరిగి మాయమవుతుంది. అది ఉన్న చోట శూన్యం మిగులుతుంది. 900 డిగ్రీలకు మించిన వేడిలో మూసలో కరిగిన ఇత్తడిని ఆ శూన్యంలోకి పోస్తాడు. ఆ ఇత్తడి ఒకప్పుడు ఏ ఇంటిలోనో పగిలిన బిందె, అరిగిన చెంబు. చల్లారిన తరువాత మట్టిని పగులగొడితే ప్రతిమ బయటపడుతుంది.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటున్నది. అచ్చు పగిలితేగాని బొమ్మ రాదు. అందుచేత అదే బొమ్మ రెండవసారి రాదు. లోహం మధ్యలో ఆగినా, ఎక్కడైనా గాలి బుడగ చిక్కినా అనేక దినాల శ్రమ ఒక్క క్షణంలో వ్యర్థమవుతుంది. తప్పు జరిగిందా లేదా అన్నది చివరి దెబ్బ తగిలేవరకు పనివానికీ తెలియదు.

ఒకప్పుడు వీరు పల్లెలకు గంటలు, దీపాలు, దేవతా మూర్తులు, ఆభరణాలు పోసి ఇచ్చేవారు. చెరువులో నీరు నిలవడం కోసం ఝిట్కూను అతని బావమరదులే బలి ఇచ్చారనీ, ఆ దుఃఖంతో భార్య మిట్కీ ప్రాణం విడిచిందనీ అక్కడ ఒక కథ ఉన్నది. దేవతలైన ఆ దంపతుల జంట ప్రతిమలు నేడు నగరాలలోని అతిథి గదులను అలంకరిస్తున్నాయి. కొన్నవారిలో ఎందరికి ఆ కథ తెలుసు? చేసినవాని పేరు ఎందరికి తెలుసు?

కలకత్తా శిల్పి మీరా ముఖర్జీ జర్మనీలో విద్య ముగించుకొని వచ్చిన తరువాత, 1960లలో బస్తరు పనివారి వద్ద శిష్యురాలిగా కూర్చున్నారు. లోహపు పనివారిని గురించి ఆమె చేసిన పరిశోధన 1978లో గ్రంథ రూపం పొందింది. కొండగావ్‌కు చెందిన జయదేవ్ బఘేల్ జాతీయ పురస్కారం పొంది, తన కులవిద్యను విదేశాల వరకు తీసుకొనిపోయారు. 2008-09లో ‘బస్తరు ఢోక్రా’కు భౌగోళిక గుర్తింపు లభించింది. మన ఆదిలాబాదు ఓజాల ఢోక్రా పనికి 2018లో అదే గుర్తింపు వచ్చింది. భౌగోళిక గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది. మనిషి పేరును కాదు.

ఈనాటికీ చాలాచోట్ల ఈ ప్రతిమలను తూకం వేసి కొంటున్నారు. గ్రాండ్ సీకోను ఎవరైనా తూకం వేసి కొంటారా? తూకానికి అమ్ముడుపోయే చోట దారం ఎంత సన్నగా తీశాడన్నది లెక్కకు రాదు; ఇత్తడి ఎంత పోశాడన్నదే లెక్క. ఓర్పుకు వెల లేనప్పుడు కొడుకు తండ్రి ప్రక్కన కొలిమి వద్ద ఎందుకు కూర్చుంటాడు? ఒక తరం లేచిపోతే ఈ విద్యను పుస్తకం చూసి మళ్ళీ నేర్వడం సాధ్యం కాదు. అది వ్రేళ్ళలో ఉన్న విద్య.

ప్రభుత్వాలు బిరుదులు ఇస్తాయి, ఇవ్వాలి కూడా. కాని కొనేవారు చేయగలిగిన పని ఒకటున్నది. ఢోక్రా బొమ్మను చేతిలోకి తీసుకున్నప్పుడు దాని మీది దారపు గీతలను వ్రేలితో తడిమి చూడండి. బరువెంత అని కాదు, ఎవరు చేశారు అని అడగండి. ఆ ప్రశ్న పదిమంది అడిగితే అమ్మేవాడు జవాబు సిద్ధం చేసుకొంటాడు. నూరుమంది అడిగితే పేరు వస్తువు మీదికి వస్తుంది.

హత్తోరి కాలిపోయిన గడియారాలకు బదులు ఇచ్చి తన పేరును నిలబెట్టుకున్నాడు. ఘడ్వా ప్రతి బొమ్మకూ తన అచ్చును తానే పగులగొట్టుకొంటున్నాడు. అతనికి మనం చెల్లించవలసిన బాకీ ఇంకా మిగిలే ఉన్నది.