చేప నాడి మొప్పల దగ్గర!

పేరులో ముత్యం ఉంది కానీ ముత్యంపేటకు సముద్రం వందల కిలోమీటర్ల దూరం. జగిత్యాల జిల్లాలోని ఈ ఊరు నలుగురికీ తెలిసింది చక్కెర ఫ్యాక్టరీ వల్ల. అది 2015లో మూతపడింది. మెట్‌పల్లి, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు అరుదు. అలా దుబాయ్ వెళ్లిన ఒకాయన, అక్కడి మాల్‌లో 2008లో తెరిచిన పెద్ద అక్వేరియం చూసి ముచ్చటపడి, ఇంటికొచ్చాక హాల్లో ఉప్పునీటి తొట్టి పెట్టించాడనుకోండి. తీపికి పేరుపడ్డ ఊళ్లో ఉప్పునీళ్లు!

హైదరాబాద్ నుంచి రెండు క్లౌన్ చేపలు, ఓ బ్లూ ట్యాంగ్ తెప్పించాడు. పిల్లల భాషలో చెప్పాలంటే 2003 నాటి సినిమాలోని నీమో, డోరీ అన్నమాట. తెలిసినవాళ్ల మాట విని వాటిని నేరుగా పెద్ద తొట్టిలో వదల్లేదు. వెనక గదిలో చిన్న తొట్టి పెట్టి విడిగా ఉంచాడు. నాలుగోరోజు డోరీ ఒంటిమీద ఉప్పు చల్లినట్టు తెల్లమచ్చలు కనిపించాయి. ఏడోరోజుకు మాయమయ్యాయి. ఇంకేం, తగ్గిపోయిందని సంబరపడి మూడింటినీ పెద్ద తొట్టిలోకి మార్చేశాడు. రెండు వారాలు తిరిగేసరికి కొత్తవాటితోపాటు అందులో ముందునుంచీ ఉన్న చేపలూ పోయాయి.

పొరపాటు ఎక్కడ? మచ్చలు పోయిన రోజునే!

ఈ జబ్బును తెచ్చేది క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి. చేప చర్మం కింద దూరి మూడు నుంచి ఏడు రోజులు తిని బలుస్తుంది. మనకు కనిపించే తెల్లచుక్క అదే. కడుపు నిండాక తనంతట తానే చేపను వదిలి కిందకు దిగి, గాజుకో ఇసుకకో అతుక్కుని గూడు కట్టుకుంటుంది. లోపల ఒకటి వందలవుతుంది. ఆ గూళ్లు కొన్ని మూడురోజుల్లో పగులుతాయి, కొన్ని నాలుగు వారాలు తీసుకుంటాయి. 72 రోజులకు పగిలినవీ ఉన్నాయి. బయటికొచ్చిన పిల్లలు ఒకట్రెండు రోజుల్లో చేపను పట్టుకోవాలి, లేదంటే చస్తాయి. అంటే మచ్చలు పోవడం జబ్బు తగ్గడం కాదు, రెండో ఆట మొదలుకావడం! అందుకే విడి తొట్టిలో ఉంచే గడువు వారం కాదు, నాలుగు నుంచి ఆరు వారాలు.

గోల్డ్‌ఫిష్ పెంచిన అలవాటుతో కొందరు ఇక్కడ ఇంకో తప్పు చేస్తారు. మంచినీటి చేపకు తెల్లమచ్చలు వస్తే గుప్పెడు కల్లుప్పు వేయడం పాత చిట్కా. అది పనిచేస్తుంది కూడా. కానీ సముద్రపు చేపకు ఉప్పే పుట్టిల్లు. ఇక్కడ వైద్యం తిరగబడుతుంది... ఉప్పు పెంచడం కాదు, మెల్లగా తగ్గించాలి. నీటి సాంద్రతను 1.009కి దించి కొన్ని వారాలు నిలిపితే ఈ పరాన్నజీవి బతకలేదు, చాలా చేపలు మాత్రం తట్టుకుంటాయి.

విడిగా ఉంచడమెందుకో మన రొయ్యల రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1990ల నడుమ తెల్లమచ్చ వైరస్ నెల్లూరు నుంచి గోదావరి జిల్లాల దాకా చెరువులను తుడిచిపెట్టింది. 2009లో వెనామీ రొయ్యను అనుమతించినప్పుడు, విదేశాల నుంచొచ్చే తల్లిరొయ్యలు ముందు చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో ఆగాలని, పరీక్షల్లో నెగ్గాకే హేచరీలకు వెళ్లాలని నియమం పెట్టారు. పేరొకటే అయినా ఆ తెల్లమచ్చ వేరు, ఇది వేరు. అది వైరస్, ఇది ఒంటికణం జీవి. రొయ్యకు ల్యాబు ఉంది. హాల్లో ఉన్న చేపకు? ఇంటివాళ్ల కళ్లే.

ఆ కళ్లు మొదట చూడాల్సింది చేపను కాదు, నీళ్లను. కొత్త చిన్నతొట్టిలో మలినాలను తినే మంచి బ్యాక్టీరియా ఇంకా స్థిరపడి ఉండదు. అమ్మోనియా పేరుకుంటుంది. పైగా సముద్రపు నీటి పీహెచ్ 8.2 దాకా ఉంటుంది. పీహెచ్ 7 ఉన్న మంచినీటితో పోలిస్తే అక్కడ అమ్మోనియాలో విషంగా మారే వాటా పదిరెట్లు దాటుతుంది. అందుకే గోల్డ్‌ఫిష్ ఓర్చుకున్న మురికి క్లౌన్ చేపను కాల్చేస్తుంది. మొప్పలు ఎర్రబడి, చేప నీటిపైన నోరు తెరుస్తుంది. అది చూసి జబ్బనుకుని మందు పోస్తే బ్యాక్టీరియా ఇంకా తగ్గి అమ్మోనియా ఇంకా పెరుగుతుంది.

జగిత్యాల ఎండలు సంగతి తెలిసిందే. ముప్పై డిగ్రీల దగ్గర మంచినీళ్లలో లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంటే, సముద్రపు నీళ్లలో ఆరుకు కాస్త పైన మాత్రమే. మధ్యాహ్నం కరెంటు పోయి గాలిపంపు ఆగితే చాలు. ఆవిరైన నీటికి బదులు బోరునీళ్లు పోయడం ఇంకో తంటా. నీరే ఆవిరవుతుంది, ఉప్పు కాదు కాబట్టి పోయాల్సింది ఆర్వో నీళ్లు. గదిలో దోమలమందు కొడితే ఆ గాలినే పంపు లాగి తొట్టిలో వదులుతుంది. ఇంతకీ గుర్తుపట్టడం ఎలా? గంటల వ్యవధిలో చేపలన్నీ ఒక్కసారే రొప్పుతుంటే అనుమానం నీళ్ల మీద. ఒక్కటే మొదలుపెట్టి, రోజుల తరబడి మిగతావాటికి పాకితే జబ్బు మీద.

ఆ తర్వాత నాడి. చేపకు నాడి చేతికి దొరకదు, మొప్పల దగ్గర చూడాలి. తెచ్చిన మర్నాడు అది నెమ్మదించాక, నిమిషానికి ఎన్నిసార్లు మొప్పలు కదిలిస్తోందో లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాసుకోవాలి. ఒక్కో రకానికి ఒక్కో లెక్క కాబట్టి పొరుగింటి చేపతో పోలిక పనికిరాదు. రోజూ అదే వేళకు, మేత వేయకముందే చూడాలి. అంకె మెల్లగా పైకెక్కుతుంటే ఒంటిమీద ఏమీ కనిపించకపోయినా లోపల ఏదో జరుగుతున్నట్టే.

ఈ అంకె అక్కరకొచ్చేది వెల్వెట్ జబ్బు దగ్గర. దీన్ని తెచ్చే అమైలూడినియం ముందు మొప్పల్లోనే కాపురం పెడుతుంది. చర్మంమీదికి వచ్చేసరికి చాలాసార్లు చేయి దాటిపోతుంది. చేప వెలుతురుకు మొహం చాటేస్తుంది, ఫిల్టరు నీళ్లు పడేచోట ఎదురీదుతూ నిలబడుతుంది, మేత ముట్టదు. గదిలో దీపాలార్పి పక్కనుంచి టార్చి వేస్తే చర్మంమీద పిండి అద్దినట్టు సన్నటి బంగారు ధూళి మెరుస్తుంది. మచ్చ ఉప్పురవ్వంత ఉంటే క్రిప్టోకారియాన్, ధూళిలా ఉంటే వెల్వెట్. ఈ తేడా తెలియకపోతే చేప పోతుంది. ఎందుకంటే ఉప్పు తగ్గించే వైద్యానికి వెల్వెట్ లొంగదు. దాన్ని పట్టుకున్న రెండుమూడు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. ఆలోచించుకోవడానికి వారం ఉండదు.

క్లౌన్ చేపకు ఎక్కువగా పట్టే బ్రూక్లినెల్లా మరో రకం. మచ్చలుండవు. ఒంటినిండా తెల్లటి జిగురు పొరలు పొరలుగా ఊడుతుంది. దీనికి రాగిమందు పనిచేయదు, ఫార్మలిన్ కావాలి. ఫార్మలిన్ ఘాటు మనుషులకూ మంచిది కాదు. తెలిసినవాళ్ల దగ్గరుండే చేయించాలి, పిల్లలు అటు వెళ్లకూడదు.

చేప గాజుకో పైపుకో ఒళ్లు రుద్దుకుంటోంది, మచ్చల్లేవు, కన్ను మసకేసింది... ఇలాంటప్పుడు ఒక పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. క్లోరిన్ లేని మంచినీళ్లు బకెట్లో పోసి, వేడి, పీహెచ్ తొట్టితో సమానం చేసి, గాలిపంపు పెట్టి, చేపను మూడు నుంచి ఐదు నిమిషాలు అందులో ఉంచాలి. చర్మాన్ని పట్టుకున్న చదునుపురుగులు ఉప్పునీళ్లలో గాజులా పారదర్శకంగా ఉంటాయి, ఎంత చూసినా కనిపించవు. మంచినీళ్లు తగలగానే తెల్లబడి నువ్వుగింజల్లా బకెట్ అడుగున రాలుతాయి. చేప పక్కకు వాలి తేరుకోకపోతే గడియారం చూడకుండా వెంటనే తీసెయ్యాలి.

ఇన్ని భయపెట్టేవాటి మధ్య వదిలేయాల్సిందీ ఒకటుంది. రెక్క అంచున కాలీఫ్లవర్ ముక్కలా గడ్డ కనిపిస్తే అది లింఫోసిస్టిస్ అనే వైరస్. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది కానీ మంచి మేత, శుభ్రమైన నీళ్లు ఉంటే చాలావరకు దానంతటదే పోతుంది. కత్తెర పట్టేవాళ్లూ ఉన్నారు, పాపం!

కొన్ని చేపలు ఏ లక్షణమూ లేకుండా పోతాయి. ఫిలిప్పీన్స్, ఇండోనేషియాల్లో కొందరు పగడపు దిబ్బల్లో సయనైడ్ చల్లి చేపలను మత్తెక్కించి పడతారు. అలాంటి చేప ఆడుతూ మేస్తూనే రోజులు గడిపి ఓ తెల్లవారుజామున తేలుతుంది. ఇంటాయన చేతిలో తప్పేమీ ఉండదు.

రాగిమందు విషయానికొస్తే, సాదా రాగి లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాములు. తగ్గితే జబ్బు చావదు, మించితే చేప చస్తుంది. కొన్ని కంపెనీల మందుల్లో రాగిని వేరే పదార్థంతో కట్టి ఉంచుతారు, వాటి లెక్క వేరు. కాబట్టి టెస్ట్ కిట్ లేకుండా సీసా మూత తీయకూడదు. తొట్టిలో ఇసుక, రాళ్లు ఉంటే రాగిని పీల్చేస్తాయి. రొయ్యలు, పగడాలు దాన్ని అసలు తట్టుకోవు. విడి తొట్టి బోడిగా ఉండాలనేది అందుకే.

మందే వద్దనుకునేవాళ్లకు క్రిప్టోకారియాన్ దగ్గర ఒక దారి ఉంది. కడిగి ఆరబెట్టిన రెండు తొట్లు పెట్టుకుని చేపను మూడురోజులకోసారి ఒకదాన్నుంచి ఇంకోదాన్లోకి, అలా నాలుగుసార్లు మార్చడం. అడుగుకు దిగిన పురుగు గూడు పగిలేలోపే చేప అక్కడ ఉండదు. పాత తొట్టిని ఎండలో ఎండబెడితే సరి, ఆ ఎండకు మన దగ్గర కరువా! వెల్వెట్‌కు మాత్రం ఈ ఉపాయం నమ్మకమైంది కాదు.

అప్పటికీ తేలకపోతే మైక్రోస్కోపు ఉండనే ఉంది. డిగ్రీ కాలేజీ జువాలజీ ల్యాబుల్లో ఉంటుంది, కోరుట్లలో పశువైద్య కళాశాలే ఉంది. చర్మంమీది జిగురు కాస్త గాజుపలకమీద తీసి చూస్తే వందరెట్ల పెద్దదనం సరిపోతుంది. చనిపోయిన చేపను చూపించాలంటే ఆలస్యం పనికిరాదు. చేప చచ్చాక పరాన్నజీవులు దాన్ని వదిలేస్తాయి, మొప్పలు కుళ్లిపోతాయి. ఫ్రిజ్‌లో గడ్డకట్టిస్తే కణాలు చిట్లి ఏమీ తెలియదు. నీళ్లు పోయని కవర్లో వేసి, ఆ కవర్ని ఐసు మీద పెట్టి, గంట రెండు గంటల్లో తీసుకెళ్లాలి. నోటుపుస్తకమూ వెంట తీసుకెళ్లాలి.