పాదాలే కదా తడుపుకునేది!

సముద్రంలో కొట్టుకుపోయారన్న వార్త పేపర్లో పడగానే మన ఆడవాళ్ళ నోట వచ్చే మాట ఒకటే. "అంత లోపలికి ఎందుకు పోవాలె?" ఈ మాట మీదే నాకు అభ్యంతరం. లోపలికి వెళ్ళినవాళ్ళకే ప్రమాదమని, ఒడ్డున ఉన్నవాళ్ళకు ఏమీ కాదని మనం ఎప్పుడో నమ్మేశాం. మరి ఒడ్డున ఉండేదెవరు? మగవాళ్ళు నీళ్ళలో దిగితే చెప్పులకీ సంచులకీ కాపలాగా, ఒళ్ళో చంటిపిల్లతో తడి ఇసుకలో కూర్చునేది మనమే. అలలకు వీపు పెట్టి ఫోటోకి నవ్వేదీ మనమే!

గోదావరిఖనిలో పుట్టి పెరిగిన నాలాంటివాళ్ళకు నీళ్ళంటే గోదావరే. వానాకాలం నది పెరుగుతుంటే ఎంత పెరిగిందో మెట్లు చూసి చెప్పేస్తాం. సముద్రం అలా కాదు. పావుగంట సేపు పాదాల దగ్గరే ఆగిన అల, ఆ తర్వాత ఉన్నట్టుండి నడుము దాకా రావచ్చు. ఎక్కడో వేల కిలోమీటర్ల దూరాన దక్షిణ సముద్రాల్లో తుపాను లేస్తే, అక్కడ పుట్టిన అలలు రోజుల తరబడి ప్రయాణం చేసి మన తీరానికి చేరతాయి. దారిలో రెండు మూడు అలలు ఒకదాని మీద ఒకటి కలిస్తే పెద్ద అల అవుతుంది. ఇక్కడ గాలి ఉండదు, మబ్బు ఉండదు. అందుకే కేరళ జాలరులు దీనికి 'కల్లక్కడల్' అని పేరు పెట్టుకున్నారు. దొంగ సముద్రం అని అర్థం. ఇది ఎక్కువగా వానాకాలానికి ముందు, అంటే సరిగ్గా మన పిల్లల వేసవి సెలవుల్లోనే వస్తుంది. ఎల్‌టీసీ పెట్టుకుని మనవాళ్ళు విశాఖ, పూరీ, కన్యాకుమారి అంటూ బయల్దేరేదీ అప్పుడే కదా.

2024 మే 6న కన్యాకుమారి జిల్లాలో ఇలాంటి అలలకే ఐదుగురు వైద్య విద్యార్థులు బలైపోయారు. స్నేహితుల ఇంట పెళ్ళికి వచ్చి బీచ్‌కి వెళ్ళిన పిల్లలు! మన హైదరాబాద్‌లోనే ఉన్న సముద్ర సమాచార కేంద్రం, ఇన్‌కాయిస్, ముందే హెచ్చరిక ఇచ్చింది. ఇచ్చి ఏం లాభం? టూరు వెళ్ళేముందు పులిహోర, పచ్చడి సీసా, మాత్రలు అన్నీ సర్దుకుంటాం. సముద్రం ఎలా ఉందో ఒక్కరం కనుక్కోం. ఫోనులో సినిమా టికెట్లు కొనే మన పిల్లలకు ఆ హెచ్చరిక చూసి చెప్పడం ఎంత పని?

"మోకాళ్ళ లోతే కదా, ఏమైతది?" అనే మగవాళ్ళకు మన బొగ్గు లెక్కలోనే చెప్పొచ్చు. ఒక ఘనమీటరు నీళ్ళు టన్ను బరువు. దాదాపు ఒక టబ్బు బొగ్గంత! అది మోకాళ్ళకు తగిలితే ఎవరు నిలబడగలరు? పైగా అల వెనక్కి పోతూ కాళ్ళ కింద ఇసుకను కూడా లాగేసుకుంటుంది. మన ఒంటిమీద తడిసిన ఐదున్నర గజాల చీర. చేతిలో పిల్ల. ఈత రాదు. అబ్బాయిలు గోదాట్లో దూకి ఈత నేర్చుకుంటే మురిసిపోయే ఇళ్ళలోనే ఆడపిల్లను నీళ్ళ దగ్గరికి పోనివ్వరు. ఇది వేరే గొడవ, మరోసారి చెప్పుకోవాలి.

నాకు ఆశ్చర్యమేమిటంటే, చూసి అడుగేయడం మన బొగ్గుబాయి ఇళ్ళకు కొత్త కాదు. బాయిలో పని మొదలుపెట్టేముందు పైకప్పును తట్టి చప్పుడు వింటారు. బోలుగా మోగితే ఆ కిందికి పోరు. అన్ని జాగ్రత్తల మధ్యనే 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి ఒక్కసారిగా నీళ్ళు వచ్చిపడి 17 మంది కార్మికులు చనిపోయారు. నీళ్ళు చెప్పి రావని మనకంటే ఎవరికి బాగా తెలుసు? అలాంటి మనం బస్సు దిగీ దిగగానే సముద్రంలోకి ఉరుకుతాం!

దిగేముందు ఓ ఇరవై నిమిషాలు ఊరికే నిలబడి చూడండి. ఇసుక ఎక్కడిదాకా తడిసిందో చూసి, దానికి బాగా ఎగువన సామాను పెట్టుకుని కూర్చోండి. తడిగా ఉన్న రాళ్ళు ఎక్కకండి. అల అక్కడిదాకా వస్తోంది కాబట్టే అవి తడిశాయి. ఎవరైనా కొట్టుకుపోతుంటే చీరతో వెంట పరుగెత్తకుండా తేలే వస్తువేదైనా, ఖాళీ నీళ్ళ క్యాన్ అయినా సరే, విసిరి జాలరులను కేకేయండి.

మా వీధివాళ్ళు ఈ వేసవికి విశాఖ టూరు అనుకుంటున్నారు. వంతులేసుకుని ఒక్కొక్కరు సముద్రం వైపే చూస్తూ కాపలా నిలబడాలి, మొదటి వంతు మగవాళ్ళదే అన్నాను. "అయితే చెప్పులెవరు చూస్తరు?" అన్నాడొకాయన. చెప్పులు బస్సులోనే వదిలేద్దామన్నాం.