పాత కారూ, చెట్టు కల్లూ

2025 దసరా నాటి సంగతి. వాకిట్లో మా పాత అంబాసిడర్‌ని కడిగి, బొట్లు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి పూజ చేశాం. ఆ పని కాగానే మగవాళ్ళంతా వరండాలో కుర్చీలేసుకు కూర్చున్నారు. మా ఆడబిడ్డ భర్త డల్లాస్ నుంచి వస్తూ ఒక షాంపేన్ సీసా తెచ్చాడు. ఆ రోజే గాంధీ జయంతి కూడా కావడంతో సీసా మూత తీయడం మర్నాటికి వాయిదా పడింది గానీ, దాని మీద చర్చ మాత్రం ఆగలేదు.

పాత కార్లూ మంచి షాంపేన్లూ ఒకే జాతివట. దేని గుణం దానిదే, దేని దర్జా దానిదేనట. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం గారి 1912 నాటి పసుపు రోల్స్ రాయిస్ అందరికంటే పై మెట్టు షాంపేన్ అన్నాడు అన్నయ్య. మరి మన అంబాసిడరో అని ఎవరో అడిగితే "అది నాటు సారా" అన్నాడు. అంతా పకాలున నవ్వారు. మావారు కూడా! మిరపకాయ బజ్జీల పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆడవాళ్ళ పేజీలో ఈ మద్యం పోలికలేమిటని మీరు అనుకోవచ్చు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డ సంగతి నేను మర్చిపోలేదు. పట్టణాల్లో మందు కలిపి అమ్మే కల్లు ఎన్ని కొంపలు తీసిందో కూడా తెలుసు. కానీ మాది జనగామ వైపు పల్లెటూరు. మా అమ్మమ్మ నాట్లేసి వచ్చాక నలుగురితో పాటు తాటిరేక పట్టుకుని చెట్టు కల్లు తాగేది. దాచుకునేది కాదు, తూలేదీ కాదు. హనుమకొండ కోడలినయ్యాక ఆ మాట పైకి అనడమే తప్పయింది నాకు. షాంపేన్ అంటే నాగరికం, కల్లు అంటే మోటు! ఈ లెక్క ఎవరు వేశారో గానీ, అదే లెక్క కార్లకీ వేస్తున్నారు.

పోలికే కావాలంటే నేనూ చెప్తాను. అంబాసిడర్ తాటికల్లు. ఒక్కడి కోసం దించేది కాదు, పదిమంది చుట్టూ కూర్చోవాల్సిందే. 2012లో మేడారం జాతరకి మేం తొమ్మిది మందిమి, పైన బెల్లం బుట్టలు, అందులోనే వెళ్ళొచ్చాం. ప్రీమియర్ పద్మిని ఈతకల్లు. తేలిక, కాస్త తియ్యన, నాజూకు. (రాణీ పద్మిని పేరు పెట్టారుగా, నాజూకుగా ఉండక ఏం చేస్తుంది పాపం.) మారుతి 800 నీరా. పసిపిల్లకైనా పట్టొచ్చు, ఎవరినీ భయపెట్టదు. 1983లో అది రోడ్డెక్కాకే మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు స్టీరింగు పట్టడం చూశాం. ఇక చౌమహల్లా రోల్స్ రాయిస్ అంటారా? అది తిరిగిందే బహు తక్కువ. మూత తీయని సీసా రుచి ఎవరికి తెలుసు?

అన్నయ్య ఇంకో మాట అన్నాడు, నిజానికి నాకు అడ్డం తగిలింది ఆ మాటే. పాతబడేకొద్దీ కారుకీ షాంపేన్‌కీ విలువ దానంతటదే పెరుగుతుందట! దానంతటదే పెరిగేది అప్పు మీద వడ్డీ ఒక్కటే.

కల్లు సంగతి చూడండి. పోద్దాడు, పరుపుదాడు, పండుదాడు అని తాళ్ళల్లోనే ఎన్నో రకాలు. ఏ తాడైనా గౌడన్న మోకు, ముస్తాదు కట్టుకుని పొద్దునా సాయంత్రం ఎక్కి, గెల కొసని పల్చగా గీస్తేనే లొట్టిలో చుక్క పడుతుంది. నాలుగు రోజులు గీయకపోతే ఆ కోత ఎండిపోతుంది. పొద్దున తియ్యగా దిగింది సాయంత్రానికి పులుస్తుంది. ఇందులో దానంతటదే మంచిగా అయ్యేదేమీ లేదు, అంతా చేతి చలవ.

మా అంబాసిడర్‌దీ అదే కథ. 1995లో మామయ్య కొన్న డీజిల్ నోవా. దాంట్లో రోజూ ఎనుమాముల మార్కెట్‌కి వెళ్ళేవారు. ముందు సీటు ఆయనది, స్టీరింగు డ్రైవర్‌ది, వెనక సీటు అత్తమ్మది. కానీ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఉండేది వంటింటి అలమరలో! చలికాలం ప్లగ్గులు వేడెక్కకుండా తాళం తిప్పొద్దని డ్రైవర్‌కి రోజూ చెప్పేదీ అత్తమ్మే. జాతర నుంచి వస్తే డిక్కీలో రాలిన బెల్లానికి చీమలు పట్టకుండా తుడిచి పసుపు చల్లేది. ముప్పై ఏళ్ళకి ఎన్ని సీటు కవర్లు కుట్టిందో లెక్కలేదు. ఇదంతా వరండా చర్చల్లో ఎప్పుడూ వినపడలేదు.

2018లో మామయ్య పోయారు. డ్రైవర్ మానేశాడు. కరోనా రోజుల్లో బండి కదలక ఎలుకలు వైర్లు కొరికేశాయి. అప్పుడు అత్తమ్మ నాతో అన్న మాట: "గీయకపోతే తాడు ఎట్లయితదో, నడపకపోతే బండి గట్లనే అయితది బిడ్డా. నువ్వు నేర్చుకో." పక్కింటివాళ్ళ మారుతి 800 మీద నేర్చుకుని, తర్వాత అంబాసిడర్‌లో స్టీరింగు పక్కన ఉండే గేరు కర్రతో కుస్తీ పట్టాను. ప్రతి ఆదివారం ఆమె పక్క సీట్లో కూర్చుంటే ఒక చుట్టు తిప్పుకొచ్చేదాన్ని.

అంత చేసిన మనిషి దసరా పూజప్పుడు తలుపు వెనకాల నిలబడింది. మామయ్య పోయినప్పటి నుంచీ శుభకార్యాలప్పుడు అక్కడే నిలబడుతోంది. ఎవరూ నిలబడమనలేదు, వద్దనీ అనలేదు. నేను కూడా.

మర్నాడు సీసా తెరిచేముందు దాని మీద పేరు చదివాను. వూవ్ క్లికో. ఫ్రెంచిలో వూవ్ అంటే విధవ అని అర్థం. బార్బ్ నికోల్ క్లికో అనే ఆమె 1805లో, 27 ఏళ్ళ వయసులో భర్త పోతే వ్యాపారం తన చేతుల్లోకి తీసుకుంది. షాంపేన్ సీసాలోనే రెండోసారి పులుస్తుంది కాబట్టి అడుగున మడ్డి మిగిలేది. చిల్లులు పెట్టిన బల్లలో సీసాల్ని తలకిందులుగా గుచ్చి, రోజూ కొంచెం కొంచెం తిప్పితే మడ్డి అంతా మూత దగ్గరికి చేరుతుందని 1816 ప్రాంతంలో ఆమె నేలమాళిగలో కనిపెట్టారు. చూశారా, ఆ షాంపేన్ కూడా దానంతటదే తేటపడలేదు, రోజూ ఎవరో తిప్పారు. కారుకైనా అంతే. 1888లో జర్మనీలో బెర్తా బెంజ్ భర్తకు చెప్పకుండా అతను చేసిన బండిలో ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని నూరు కిలోమీటర్ల పైగా నడిపింది. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచింది. మన చీర పిన్నులాంటిదే అనుకోండి.

"అన్నయ్యా, లోకమంతా పెళ్ళిళ్ళకి తెరిచే ఈ సీసా మీద విధవ అనే రాసుంది" అన్నాను. వరండాలో ఎవరూ మాట్లాడలేదు. అన్నయ్య సీసా తిప్పి చూసుకున్నాడు. అత్తమ్మ తలుపు వెనకే ఉంది, విన్నదో లేదో!

మిగిలింది బండి సంగతి. డిసెంబరుతో రిజిస్ట్రేషన్ గడువు అయిపోతుంది. పదిహేనేళ్ళు దాటిన కారు రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5 వేలయింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటినవాటికి 10 వేలు చేశారు. యాభై ఏళ్ళు నిండితేనే వింటేజ్ అంటారు. ముప్పై ఏళ్ళదంటే అటు కొత్తదీ కాదు, ఇటు గొప్పదీ కాదు (ఆ బాధ నా వయసువాళ్ళకి బాగా తెలుసు). పొగ తక్కువ వచ్చే కొత్త బండి మంచిదన్న మాట నేను కాదనను. తుక్కుకి వేసేద్దామని మావారు, ఉంచుదామని మరిది. ఇద్దరూ బండి గుణగణాలు వర్ణించుకుంటున్నారే గానీ అత్తమ్మని ఒక్క మాట అడగలేదు. నేనే అడిగాను.

"నేను ఉన్నన్నొద్దులు ఉండనియ్యిండ్రి. పైసలు నా పింఛన్ల నుంచి కట్టుండ్రి" అంది.

కట్టాం. తనిఖీకి బండి నేనే నడుపుకెళ్ళాను, ఆమె పక్కన కూర్చుంది. షాంపేన్ ఒక గుక్క నేనూ రుచి చూశాను. మూడోపూట కల్లులా పుల్లగా ఉంది, నురగ మాత్రం బాగుంది. ఖాళీ సీసాని అత్తమ్మ పారేయనివ్వలేదు. కడిగి ఆరబెట్టి వంటింటి అలమరలో పెట్టింది. ఇప్పుడు అందులో బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ ఉంటోంది.