క్యారేజీ మూత తీసి కులం చూస్తున్నారు

మీ బిడ్డ బడికి పట్టుకెళ్లే క్యారేజీలో ఏముందో మీకు తెలుసు. పక్క బిడ్డ క్యారేజీలో ఏముందో మీకెందుకు? మండల కేంద్రాల్లో వీధికొకటిగా లేచిన కాన్వెంటు బళ్లలో పిల్లల్ని చదివించుకుంటున్న పెద్దమనుషుల్ని ఇప్పుడు ఈ మాట అడగాల్సి వస్తోంది. ఎందుకంటే ముందు వాళ్లే అడుగుతున్నారు. పేరెంట్స్ మీటింగులో లేచి నిలబడి మరీ అడుగుతున్నారు. "మా పాప పక్కన కూర్చునే పిల్ల రోజూ ఎండుచేపలు తెస్తోందండీ. ఆ వాసనకి మా పాప అన్నం ముట్టుకోవడం లేదు. సీటు మార్పించండి."

సీటు మార్పించండి! ఈ మాట మనకు కొత్త కాదు. నిన్నటిదాకా బావి వేరు, హోటల్లో గ్లాసు వేరు. ఇవాళ బెంచీ వేరు కావాలట. కులం పేరెత్తితే కేసవుతుందని తెలుసు కాబట్టి వాసన పేరెత్తుతున్నారు.

వాసన సంగతే మాట్లాడుకుందాం. ఇంగువ వాసన రాదా? ఆవకాయ జాడీ మూత తీస్తే వీధి చివరిదాకా తెలియదా? ఉల్లిపాయ, వెల్లుల్లి, ములక్కాడల సాంబారు, అన్నింటికీ వాసన ఉంది. అయితే వాళ్లింట్లో వస్తే ఘుమఘుమ, మనింట్లో వస్తే కంపు. నెయ్యి వాసన కమ్మన, నెత్తళ్ల వాసన నీచు. ఏది కమ్మన, ఏది నీచు అని తేల్చింది ముక్కు కాదు, ముక్కు వెనకాల కూర్చున్న మనువు. ఇంకో సంగతి. వాళ్ల ఆవకాయలో ఎర్రగా మెరిసే కారం ఉంది చూశారా, ఆ మిరపకాయలు మార్చి ఎండలో వంగి కోసింది మన ఆడవాళ్లే. కాయ కోసిన చేతికి లేని అంటు, అదే చెయ్యి కట్టిన క్యారేజీకి ఎట్లా వచ్చింది?

మా పక్క మండలంలో జరిగిందొకటి చెబుతాను. నాలుగో తరగతి పిల్లవాడు. ఆదివారం పల్లెలో కోసిన పెద్దమాంసం తునకలు చేసి ఎండబెట్టుకున్నారు. వానాకాలానికి దాచుకునే తిండి అది, మన అమ్మమ్మల నాటి పద్ధతి. వాళ్లమ్మ ఆ తునకల్ని గోంగూరలో వేసి వండి, నాలుగు ముక్కలు కొడుకు క్యారేజీలో పెట్టింది. మధ్యాహ్నం తన పిల్లకు ముద్దలు కలిపి పెట్టడానికి స్కూటీ మీద వచ్చిన ఒకావిడ ఆ గిన్నెలోకి తొంగిచూసింది. "ఏంటిది?" అనడిగింది. పిల్లవాడికి దాచడం తెలియదు గదా, చెప్పేశాడు. సాయంత్రానికి ఆ తరగతి తల్లుల ఫోన్లన్నీ మోగాయి. మర్నాడు ప్రిన్సిపాల్ పిల్లవాడి తల్లిని పిలిపించాడు. ఆమె ఆ రోజు కోతకు పోవడం మానుకుని, కూలి పోగొట్టుకుని వెళ్లింది. మిగతా తల్లుల్ని "మేడమ్" అనే ఆ నోరు ఈమెను మాత్రం "ఏమ్మా, నువ్వేనా" అంది. "ఇక్కడ అన్ని రకాల వాళ్ల పిల్లలూ చదువుతున్నారు. కాస్త మంచి తిండి పెట్టి పంపించు."

ఆమె నన్ను అడిగిన ప్రశ్న ఒకటే. "మేం తినేది చెడ్డ తిండా సారూ?"

చెడ్డ తిండి కాదమ్మా. ఈ దేశంలో పిల్లలకు కరువైన తిండి అది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 31 మంది, తెలంగాణలో 33 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆరు నెలలు దాటిన పిల్లల నుంచి ఐదేళ్లలోపు వాళ్లదాకా రక్తహీనత చూస్తే ఆంధ్రలో నూటికి 63, తెలంగాణలో 70. ఈ పిల్లలకు కావలసింది ఏమిటి? మాంసకృత్తులు, ఇనుము, సున్నం. మాంసంలో ఇనుముంది. ముల్లుతో సహా నమిలే చిన్న ఎండుచేపల్లో సున్నం ఉంది. రాగిసంకటిలో ఉంది. ఒక కోడిగుడ్డులో ఆరు గ్రాముల మాంసకృత్తులున్నాయి. మన పల్లె వంటింట్లో డబ్బు లేకపోవచ్చుగాని తెలివి లేకపోలేదు. చింతచిగురులో ఎండురొయ్యలు వేసి వండిన ముసలమ్మకు విటమిన్ల పేర్లు తెలియవు. తెలియనక్కర్లేదు.

మరి ఆ తల్లి ఇప్పుడు ఏం పెట్టి పంపుతోంది? పంచదార రాసిన బ్రెడ్డు ముక్కలు, రెండు నిమిషాల నూడుల్స్. ఎవరూ వేలెత్తి చూపరట, "నీట్‌గా" ఉంటుందట. కొడుకు నోట్లోంచి మాంసం తీసేసి మైదా పెట్టించారు. ఆ తరవాత ఇంకో రకం పెద్దమనుషులు బయలుదేరతారు. "వీళ్లకు పిల్లల ఆరోగ్యం పట్టదండీ, ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్టు పడేసి పోతారు" అని నిట్టూరుస్తారు. తెల్లారి ఐదింటికి ఆటో ఎక్కి పాతిక కిలోమీటర్లు కోతకు పోయి, పొద్దు గూకినాక ఇల్లు చేరే ఆడమనిషి ఏం వండి ఏ వేళకు కట్టాలి? ఆమె గంట ఆలస్యంగా పోతే ముఠా మేస్త్రి ఆటోలోంచి దించేస్తాడు. ఏం పెట్టినా తప్పే. మన తిండి పెడితే నీచు, కొనుక్కొచ్చిన తిండి పెడితే నిర్లక్ష్యం, ఏమీ పెట్టకపోతే సోమరితనం. తీర్పు చెప్పే కుర్చీలో ఎప్పుడూ వాళ్లే, బోనులో ఎప్పుడూ మనమే.

ఇది ఒక్క మన మండలాల గొడవని అనుకోకండి. 2024 సెప్టెంబరులో ఉత్తరప్రదేశ్‌లోని అమ్రోహాలో ఏడేళ్ల ముస్లిం పిల్లవాడు డబ్బాలో మాంసాహారం తెచ్చాడని ఒక ప్రైవేటు బడి వెళ్లగొట్టిందని వాళ్లమ్మ గోలపెట్టింది. ఆ తల్లితో ప్రిన్సిపాల్ వాదిస్తున్న వీడియో దేశమంతా చూసింది. 2021 డిసెంబరులో కర్ణాటకలో ఉత్తరాది వెనకబడిన జిల్లాల బడి పిల్లలకు గుడ్డు పెట్టబోతే మఠాధిపతులు రోడ్డెక్కారు. గుడ్డు వద్దనేవాడికి అరటిపండు ఇస్తామని ప్రభుత్వం చెప్పినా ఊరుకోలేదు. వాళ్ల పిల్లలు తినకుండా ఉంటే చాలదు, మన పిల్లలు తినకూడదు! అంతకు ముందు 2015లో మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి అంగన్‌వాడీల్లో గుడ్డు పెట్టేది లేదని కొట్టిపారేశాడు. అక్కడ ఆకలితో ఎండిపోయేది ఎక్కువగా ఆదివాసీ పిల్లలు. ఆదివాసీకి గుడ్డు పాపమని ఎవడు చెప్పాడు?

తినే పదార్థమే కాదు, వండే చెయ్యి కూడా వాళ్లకు పనికిరాదు. సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న బళ్లలో వండిన అన్నం పెట్టాలని ఆదేశించింది. మన రాష్ట్రంలో 2003 జనవరి నుంచి పెడుతున్నారు. 2004 ఏప్రిల్ 20న అదే కోర్టు ఇంకో మాట చెప్పింది, వంట పనిలో దళితులకూ ఆదివాసీలకూ ప్రాధాన్యం ఇవ్వాలని. ఇది మన సంఘాల్లో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు కూడా గట్టిగా అడగడం లేదు. ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లాలో 2021 డిసెంబరులో దళిత స్త్రీ వండిందని అగ్రకుల పిల్లలు తినడం మానేశారు. పిల్లలు మానేశారా, పెద్దలు మాన్పించారా? అధికారులు నియామకంలో లోపమని సాకు చూపి ఆమెనే తీసేశారు. అప్పుడు ఆ బడి దళిత పిల్లలు ఏం చేశారో తెలుసా? ఆమె వండితే వాళ్లు తినకపోతే, వాళ్లమ్మలు వండితే మేమూ తినం అని పళ్లేల దగ్గర్నుంచి లేచారు. దేశమంతా గగ్గోలైంది. ఆమెను తిరిగి పనిలో పెట్టుకోక తప్పలేదు. పిల్లలు చేసిన ఉద్యమం అది. మన పెద్ద సంఘాలు దీని మీద ఒక కరపత్రం కూడా వేయలేదు, ఈ ముక్క రాయడానికి నాకేం భయం లేదు.

మన సర్కారు బళ్లలో ఇంత బాహాటంగా జరగదు. ఇక్కడ తెలివిమీరారు. ఊళ్లో ఆసామి పిల్లలు బడికి వస్తే ఇంటి నుంచి క్యారేజీ వస్తుంది. "మావాడికి బళ్లో అన్నం పడదండీ, కడుపు నొప్పి" అంటారు. వంటామె పల్లె మనిషైతే కడుపు నొప్పి. బదిలీ మీద ఇంకొకామె వస్తే నొప్పి తగ్గిపోతుంది. ఇరవై ఏళ్లుగా బడి వరండాలో నిలబడి చూస్తున్నవాణ్ణి, ఈ రోగానికి మందేమిటో నాకు బాగా తెలుసు. మేష్టరు పిల్లల వరసలో కింద కూర్చుని అదే అన్నం, అదే వంటామె చేతి అన్నం తినాలి. రోజూ తినాలి. నెలకోసారి ఫోటో కోసం కాదు. నేను పనిచేసిన ఒక బడిలో ఇట్లా ఏడాది తిరిగేసరికి ఆరు క్యారేజీలు రెండయ్యాయి. ఆ రెండు మిగిలాయి, అదీ నిజమే.

2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో బడి భోజనం మెనూ మార్చి వారానికి ఐదు గుడ్లు పెట్టారు. ప్రభుత్వాలు మారాయి, పథకం పేరు మారింది. 2024లో డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆకలితో వచ్చినవాడికి అన్నం పెట్టిన తల్లి, ఆమె పేరుకు నాకు అభ్యంతరం లేదు. నా అభ్యంతరమల్లా పేరు మీద ఉన్న శ్రద్ధ గుడ్డు సైజు మీద లేకపోవడం, వండే ఆడవాళ్ల జీతం నెలనెలా పడకపోవడం మీద.

ఇక మనలో మనం మాట్లాడుకోవలసింది ఒకటుంది. కోపం తెచ్చుకోకుండా వినండి. పల్లె వదిలి టౌన్లో ఇల్లు కట్టుకున్న మన ఉద్యోగస్తులు కొందరు "మేం పెద్దమాంసం మానేశామండీ" అని గర్వంగా చెప్పుకుంటున్నారు. మానేసుకో, నీ నోరు, నీ ఇష్టం. రుచించకపోతే తినొద్దు. కానీ అది చెప్పేటప్పుడు గొంతులో ఆ ఎత్తు ఎందుకు? బంధువుల పిల్ల డబ్బాలో తునకలు చూసి "ఇంకా ఇవేనా మీరు?" అనడమెందుకు? మాలలు మాదిగల గిన్నె చూసి మూతి తిప్పడం, ఇద్దరూ కలిసి రెల్లి వాళ్ల గిన్నె చూసి మూతి తిప్పడం, ఇది ఎవడు నేర్పిన విద్య? అంటరానితనం వేళ్లు గొడ్డుమాంసం దగ్గరే ఉన్నాయని అంబేద్కర్ 1948లో అంటరానివాళ్ల పుట్టుక మీద రాసిన పుస్తకంలో వాదించారు. బౌద్ధాన్ని విడవని పేదలు, చచ్చిన గొడ్డును తిని బతికిన పేదలు, వాళ్లను ఊరవతలికి నెట్టారు అన్నది ఆయన వాదం. ఆయన ఫోటో హాల్లో పెట్టుకుని, ఆ తిండిని వంటింట్లో దాచుకునేవాళ్లు ఆ పుస్తకం తెరవలేదు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా యూనివర్సిటీలో మన పిల్లలు పెద్దకూర పండగ చేసి దెబ్బలు తిన్నారు. వాళ్లు కొట్లాడింది కూర కోసం కాదు, హాస్టల్ మెస్సులో మన ఇంటి తిండికి చోటు కోసం. యూనివర్సిటీకి వచ్చిన పిల్లలకు గొంతుంది. నాలుగో తరగతి పిల్లవాడికి ఏముంది? మూత వేసుకుని ఆకలితో ఇంటికొస్తాడు.

మరి ఏం చెయ్యాలి? చాలామంది సలహా ఏమంటే, "ఎందుకొచ్చిన గొడవ, పప్పన్నం పెట్టి పంపండి." ఈ సలహా ఇచ్చేవాళ్లు చెడ్డవాళ్లు కాదు, భయపడ్డవాళ్లు. కానీ పప్పన్నంతో ఆగదు. రేపు బట్టల సంగతి వస్తుంది, ఎల్లుండి యాస సంగతి వస్తుంది.

బడి యాజమాన్యం ఫలానా తిండి తేవద్దంటే నోటిమాట ఒప్పుకోవద్దు. రాసి, సంతకం పెట్టి ఇమ్మనండి. నూటికి తొంభైమంది రాసివ్వరు, ఎందుకంటే ఏ చట్టం కింద రాయాలో వాళ్లకే తెలియదు. మన రెండు రాష్ట్రాల్లో గొడ్లను కోయడం మీద 1977 చట్టం ఉందిగాని, పిల్లవాడు ఏం తినాలో చెప్పే చట్టం లేదు. సర్కారు బడైతే విద్యాహక్కు చట్టం ప్రకారం యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లుండాలి, మనవాళ్లకు వాటా ఉండాలి. ఆ కమిటీ ఎన్నికరోజు పల్లె అంతా పనికిపోతుంది, ఊళ్లోవాళ్లు నలుగురు సంతకాలు చేసేసుకుంటారు. ఈసారి అట్లా జరగనివ్వకండి. కమిటీలోకి వెళ్లిన మన తల్లులు మొదట అడగవలసింది వంటామె నియామకం, పిల్లలంతా ఒకే వరసలో కూర్చోవడం.

ప్రైవేటు బడికి ఆ కమిటీ నిబంధన వర్తించదు. అక్కడ పేరెంట్స్ మీటింగే దిక్కు. ప్రిన్సిపాల్ పిలిచాడంటే ఒక్క తల్లిని ఒంటరిగా పంపొద్దు. నలుగురు వెళ్లండి, అందులో ఒకరు చదువుకున్న ఆడపిల్ల అయితే మరీ మంచిది. ఆ నలుగురికీ ఆ రోజు కూలి పోతుంది. అది పల్లె చందాలోంచి ఇవ్వండి, జయంతి ఊరేగింపుకు డీజే పెట్టే డబ్బులో పదో వంతు తీసినా సరిపోతుంది.