నిమిషాల లెక్కలో బధిర స్త్రీ

అమెరికాలో బధిరులు ఫోన్ మాట్లాడటానికి వీడియో రిలే అనే సేవ ఉంది. తెర ముందు కూర్చుని సైగల భాషలో చెబితే, దుబాసీ దాన్ని ఫోన్‌లో అవతలివారికి మాటల్లో వినిపిస్తుంది. వారి జవాబును తిరిగి సైగల్లో చూపిస్తుంది. 1990 నాటి వికలాంగుల చట్టం ఫోన్‌పై బధిరులకు ఇచ్చిన హక్కులోంచే ఈ సేవ పుట్టింది. వాడుకునేవారు పైసా కట్టనక్కర్లేదు. ఫోన్ కంపెనీల నుంచి వసూలు చేసిన నిధి నుంచి, సేవ నడిపే ప్రైవేటు కంపెనీలకు నిమిషాల లెక్కన డబ్బు చెల్లిస్తారు.

తిరకాసంతా ఆ లెక్కలోనే ఉందని నేనంటాను. 2009 నాటికి కంపెనీకి గంటకు సుమారు 390 డాలర్లు ముట్టేవి. ఒక బధిర స్త్రీ డాక్టరుతో మాట్లాడిందా, కన్నతల్లితో మాట్లాడిందా అన్నది కంపెనీకి అనవసరం. దానికి కావలసినవి నిమిషాలు. మా కంపెనీకి మారండి, పరికరం ఉచితంగా ఇస్తాం, ఇంకా కాల్స్ చేయండి అని వెంటపడటం అందుకే.

అక్కడి ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ వరుసగా పెట్టిన నిషేధాలు చూడండి. ఎక్కువ కాల్స్ చేసినవారికి కానుకలివ్వడం తప్పని 2005లో చెప్పింది. ఒక కంపెనీ పరికరంతో మరో కంపెనీ సేవ వాడకుండా అడ్డుకోరాదని 2006లో చెప్పింది. వాడకందార్ల కాల్ వివరాలు పట్టుకుని వారిని సంప్రదించి, ఇంకా కాల్స్ చేయమని ప్రోత్సహించకూడదని 2007లో చెప్పింది. దొంగ కాల్స్‌తో నిధిని కొల్లగొట్టారని 2009 నవంబరులో 26 మందిపై ప్రభుత్వం కేసులు పెట్టింది. అనుమతి లేకుండా మనిషిని ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి మార్చెయ్యడాన్ని 2013లో నిషేధించారు. జరగని తప్పుకు ఇన్ని నిషేధాలు అవసరమవుతాయా?

ప్రచారమే లేకపోతే ఇలాంటి సేవ ఉందని బధిరులకెలా తెలుస్తుందని కొందరు వాదిస్తారు. తెలియజెప్పడం వేరు, వద్దన్నా వదలకపోవడం వేరు. ఈ తేడా స్త్రీలకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. పైగా బధిరుల సమాజం చిన్నది. కంపెనీ తరఫున వచ్చే మనిషి తరచు ఆ సమాజంలోని వ్యక్తే, మొహమాటపెట్టగల పరిచయస్తుడే. భర్త కొడుతున్నాడని ఒక స్త్రీ వకీలుకో, ఆశ్రయమిచ్చే కేంద్రానికో చేసిన కాల్ వివరాలు అమ్మకాల విభాగం చేతిలో పడితే ఆమెకేం రక్షణ ఉంటుంది?

ఈ గొడవ మనకెందుకని అడగవచ్చు. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం సైగల భాషను భావప్రకటన సాధనంగా గుర్తించింది. ఆ గుర్తింపు ఆచరణలోకి వచ్చేకొద్దీ మన దగ్గరా ఇలాంటి సేవలు విస్తరించాలి, విస్తరించాలని మనమే పోరాడాలి. అయితే పోరాటం సేవ మంజూరయ్యేదాకానే అనుకోకూడదు. కంపెనీకి డబ్బు దేన్నిబట్టి ఇస్తారో ముందే అడగాలి. కాల్ వివరాలు అమ్మకాలకు వాడరాదని ఒప్పందంలోనే రాయించాలి. సమ్మతి అడిగేది అచ్చు కాగితం మీద కాదు, ఆమె భాషలో. ఫిర్యాదు వినే చోట సైగలు తెలిసిన మనిషి ఉండాలి. అమెరికా కమిషన్ ఇలాంటి ఏర్పాటును 2014లో చేసింది. మనం మొదటి రోజు నుంచే కోరాలి.

ఈ కోరికల జాబితా రాయవలసింది బధిర స్త్రీలు. మన సంఘాల సమావేశాల్లో దుబాసీ లేకుండా వాళ్ల తరఫున మనమే మాట్లాడటం ఇకనైనా ఆపాలి.