మ్యాగజీన్ తీసేస్తే తుపాకీ ఖాళీ అయినట్టు కాదు

బంగారం కోసం మనవాళ్ల ఇళ్లమీద పడే దొంగల భయం అమెరికాలో కొన్ని తెలుగిళ్లలోకి పిస్తోలును తెచ్చింది. పిస్తోలు కొనేముందు నెలరోజులు ఆలోచిస్తారు, వీడియోలు చూస్తారు, నలుగురినీ అడుగుతారు. తూటాలు పెట్టే డబ్బా, అదే మ్యాగజీన్, దగ్గరికొచ్చేసరికి మాత్రం చవగ్గా దొరికిందేదో తెచ్చేసుకుంటారు. మ్యాగజీన్ అంటే వారపత్రిక అని అలవాటైన చెవులు మనవి, అందుకేనేమో ఆ డబ్బా గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు. ఇప్పుడైనా మాట్లాడాలి, ఆలస్యం చేసే విషయం కాదిది.

మ్యాగజీన్ లాగేస్తే తుపాకీ ఖాళీ అయిపోయిందనుకునేవాళ్లు చాలామంది. కాలేదు. అప్పటికే ఒక తూటా ఛాంబర్‌లోకి, అంటే గొట్టం మొదట్లో ఉండే గదిలోకి, ఎక్కి ఉండొచ్చు. మ్యాగజీన్ బయటికొచ్చినా అది అక్కడే కూర్చుని ఉంటుంది. 1935లో వచ్చిన బ్రౌనింగ్ హైపవర్ లాంటి కొన్ని పిస్తోళ్లు మ్యాగజీన్ లేకపోతే పేలకుండా తయారుచేసినవి. గ్లాక్ అలా కాదు, ట్రిగ్గర్ నొక్కితే పేలుతుంది. మీ దగ్గరున్నది ఏ రకమో తెలిసినా, తెలియకపోయినా, పేలుతుందనే లెక్కలో ముట్టుకోండి.

ఖాళీ చేయడానికి ఒక వరస ఉంది. ముందు మ్యాగజీన్ తీయాలి, తర్వాతే స్లైడ్, అంటే పిస్తోలు పైన ముందుకూ వెనక్కూ జరిగే భాగం, వెనక్కి లాగాలి. తిరగేసి చేశారనుకోండి. స్లైడ్ లాగగానే ఒక తూటా ఎగిరి కింద పడుతుంది, హమ్మయ్య అనుకుంటారు. ఆ స్లైడ్ ముందుకెళ్తూ మ్యాగజీన్‌లోంచి ఇంకో తూటాను లోపలికి తోసేస్తుంది. అప్పుడు మ్యాగజీన్ తీసి బల్లమీద పెడతారు. ఎదురుగా తీసేసిన డబ్బా కనిపిస్తుంటే చేతిలో ఉన్నది పేలడానికి సిద్ధంగా ఉన్న తుపాకీ. అందుకే చివర్లో ఛాంబర్‌లోకి కంటితో చూడాలి, చిటికెన వేలు పెట్టి తడిమి కూడా చూడాలి. ఇదంతా జరిగేంతసేపూ గొట్టం మనిషి లేనివైపే ఉండాలి. అమెరికాలో చదువుకుంటున్న మన కుర్రాడొకడు 2024లో తుపాకీ శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయాడు.

ఇక పనిచేయని మ్యాగజీన్ సంగతి. దాంట్లో పెద్ద యంత్రమేమీ లేదు: ఒక డబ్బా, ఒక స్ప్రింగు, తూటాలను పైకి నెట్టే పలక, పైతూటాను పట్టుకునే రెండు అంచులు. నేలమీద పడి ఆ అంచులు కాస్త వంగినా చాలు, తూటా అడ్డంగా ఇరుక్కుంటుంది, లేదా రెండు ఒకేసారి పైకొస్తాయి. తుపాకీ మొరాయించడం ఒక ఎత్తు. అలవాటులేని మనిషి కంగారులో దాన్ని అటూ ఇటూ తిప్పుతూ, వేలు ట్రిగ్గర్ మీదే ఉంచి, గొట్టంలోకి తొంగి చూడటం ఇంకో ఎత్తు. చవక డబ్బాతో మిగిలిన పది, పదిహేను డాలర్లు ఆ క్షణంలో ఎందుకూ పనికిరావు.

కాబట్టి ఆ తుపాకీ చేసిన కంపెనీదే కొనండి. కాదంటే, తుపాకీ కంపెనీలకే మ్యాగజీన్లు చేసిచ్చే ఇటలీ మెక్‌-గార్ లాంటివాళ్లవి కొనండి. ప్రతిదాని అడుగునా రంగుతో ఒక అంకె వేయండి, ఏది మొరాయిస్తోందో అప్పుడే తెలుస్తుంది. ఇంట్లో ఏ తూటాలు ఉంచుతారో వాటితోనే రేంజ్‌లో, అంటే కాల్పులు సాధన చేసే చోట, పరీక్షించండి; గుండ్రటి మొన తూటా నున్నగా ఎక్కినచోట బోలు మొనది ఇరుక్కోవచ్చు. లోపల నూనె పోయొద్దు, దుమ్మంతా అక్కడే చేరుతుంది. నింపి ఉంచితే స్ప్రింగు చచ్చిపోతుందని ఒక నమ్మకం ఉంది కానీ, దాన్ని ఎక్కువ అరగదీసేది నింపడం, ఖాళీ చేయడం అనే రాకపోకలే. రేంజ్‌లో రెండుసార్లు మొరాయించిన మ్యాగజీన్‌ను ఇంటి తుపాకీకి పెట్టకండి.

రైఫిల్ ఉన్నవాళ్లకు ఇంకొక్క మాట. .300 బ్లాకౌట్ తూటా, 5.56 తూటా ఒకే మ్యాగజీన్‌లో పడతాయి. మొదటిది 5.56 రైఫిల్‌లోకి పొరపాటున ఎక్కి పేలిందంటే ఆ రైఫిలే మొహం ముందు బద్దలవుతుంది. రెండూ ఉన్న ఇంట్లో మ్యాగజీన్ల రంగులైనా వేరుగా ఉండాలి.

చట్టం మాటకొస్తే, ఉద్యోగాలు మారుతూ రాష్ట్రాలు దాటే మనవాళ్లకు ఇది కనపడని గొయ్యి. టెక్సస్‌లో మ్యాగజీన్‌కు తూటాల పరిమితి లేదు. న్యూజెర్సీ 2018లో పరిమితిని 15 నుంచి 10కి దించింది. కాలిఫోర్నియాలోనూ 10 పెట్టారు. డాలస్‌లో కొన్న 17 తూటాల మ్యాగజీన్ సామాన్లతోపాటు న్యూజెర్సీలోని ఎడిసన్ చేరితే, తుపాకీ తీయకపోయినా అది నేరమే అవుతుంది. ఈ చట్టాలమీద కోర్టుల్లో కేసులు నడుస్తుంటాయి, సామాన్లు కట్టేముందు ఆనాటి నియమం చూసుకోండి.

ఎఫ్‌1, హెచ్‌1బీ వీసాలమీద ఉన్నవాళ్ల పరిస్థితి ఇంకా కఠినం. తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడమే వాళ్లకు ఫెడరల్ నేరం, వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు తప్ప. గ్రీన్‌కార్డు ఉన్నా, తుపాకీ కేసులో శిక్షపడితే దేశం నుంచి పంపించేయొచ్చు.

సెలవులకు ఇంటికి బయల్దేరేవాళ్లు రేంజ్‌కి తీసుకెళ్లిన సంచిలోనే బట్టలు సర్దకండి. చేతిసంచిలో ఖాళీ మ్యాగజీన్ ఉన్నా అమెరికా విమానాశ్రయంలో ఆపేస్తారు. అక్కడ చెక్-ఇన్ పెట్టెలో దాటి వచ్చినా శంషాబాద్‌లో 1959 నాటి ఆయుధాల చట్టం ఉంది. దాని ప్రకారం ఆయుధం విడిభాగం కూడా ఆయుధమే. పక్కజేబులు, అడుగు గుడ్డ కింద, ఒక్కసారి చెయ్యిపెట్టి చూడండి.